విషయ ప్రాముఖ్యత నియమం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ విషయ ప్రాముఖ్యత నియమం గారికి,

నమస్కారాలతో రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమంగా ఉండాలనే కోరుకుంటున్నాను. మర్యాదకని రాస్తున్న మాట కాదిది. ఎందుకో కిందే చెబుతాను.

నన్ను గుర్తుపట్టే ఉంటారు. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో మహిళా శాస్త్రవేత్తల జీవిత చరిత్రలు రాసే వాడుకరిని. నేను పేజీ పెట్టిన పూటకే దాని నెత్తిన మీ పేరుతో ఒక హెచ్చరిక మూస వచ్చి కూర్చుంటుంది. ఈమెకు తగిన ప్రాముఖ్యత ఉన్నట్టు మూలాలు చూపడం లేదు, మెరుగుపరచకపోతే పేజీ తొలగిస్తాం అని దాని సారాంశం. వారం రోజులు చర్చ నడుస్తుంది. ఆ తరవాత ఎవరో ఒక నిర్వాహకుడు వచ్చి తేల్చేస్తాడు. ఇన్నాళ్లూ చర్చా పేజీల్లో మీకు సంజాయిషీలు రాస్తూ వచ్చాను. ఈసారి ఫిర్యాదు రాస్తున్నాను, నలుగురూ చదవాలనే రాస్తున్నాను.

మీ సంగతి తెలియని పాఠకుల కోసం మీ షరతులు చెప్పాలి. ఒక మనిషికి పేజీ ఉండాలంటే, ఆ మనిషితో ఏ సంబంధమూ లేని నమ్మదగిన ప్రచురణలు ఆ మనిషి గురించి కాస్త వివరంగా రాసి ఉండాలి. సొంత వెబ్‌సైటు చెల్లదు. పనిచేసే సంస్థ పెట్టిన పరిచయం చెల్లదు. తను రాసిన పరిశోధన పత్రాలు ఎన్ని ఉన్నా తన జీవితానికి అవి సాక్ష్యం కావు. విద్యావేత్తలకు మాత్రం ఇంకో దారి తెరిచారు. పెద్ద పురస్కారం, పేరున్న అకాడమీలో ఫెలోషిప్పు, ఒకరి పేరు మీద నెలకొల్పిన ఆచార్య పీఠం, పెద్ద విద్వత్సంస్థకు అధ్యక్ష పదవి, ఇలాంటివాటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలన్నారు.

ఇవి సబబైన షరతులేనని నేను మొదటినుంచీ నమ్మాను. మీకు చేసిన సేవ కూడా తక్కువేమీ కాదు. స్థిరాస్తి వ్యాపారులు డబ్బిచ్చి రాయించుకున్న పేజీలను మీ పేరు చెప్పే తొలగింపుకు పెట్టాను. ఒక్క సినిమా కూడా విడుదల కాని హీరోల పేజీలకు మూసలు అంటించాను. తన పుస్తకం తనే అచ్చు వేసుకుని, తన పేజీ తనే రాసుకున్న పెద్దమనుషులతో మీ తరఫున వాదించి తిట్లు తిన్నాను. కొత్తగా చేరిన పిల్లలు విసుక్కుంటే, ఈ నియమం లేకపోతే విజ్ఞాన సర్వస్వం ప్రకటనల పలక అయిపోతుందని వాళ్లకు నచ్చజెప్పాను. ఇవాళ్టికీ అదే అంటాను. అందుకే మీ క్షేమం కోరాను. కాని మీరు కాపలా కాయాల్సిన చేనును మీరే మేస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

నా మొదటి ఫిర్యాదు: మీరు రాసుకున్న మాట మీరే తప్పారు.

డోనా స్ట్రిక్లాండ్ గారు కెనడా భౌతిక శాస్త్రవేత్త. లేజర్ స్పందనను ముందు సాగదీసి, శక్తి పెంచి, మళ్లీ కుదించే పద్ధతిని 1985లో తన గురువు జెరార్ మురూతో కలిసి లోకానికి చెప్పారు. కంటి శస్త్రచికిత్సల్లో వాడే అతిసూక్ష్మ కాలపు లేజర్లకు ఆ పద్ధతే ఆధారం. 2018లో ఎవరో ఆమె గురించి ఇంగ్లీషు వికీపీడియాలో చిత్తుప్రతి రాసి సమర్పిస్తే, ప్రాముఖ్యతకు మూలాలు చాలవని మే నెలలో తిప్పికొట్టారు. అక్టోబరు 2న ఆమెకు నోబెల్ వచ్చింది. ఆ పూటకు ఆమెకు పేజీ లేదు. అదే పనికి అదే బహుమతి పంచుకున్న మురూ గారికి ఏళ్లక్రితమే ఉంది. పేజీ లేదన్న గోల మొదలయ్యాక ఆ రోజే హడావుడిగా రాశారు.

నోబెల్ రాకముందు ఆమె ఎవరో తెలియదని అనకండి. 2013లో ఆమె ఆప్టికల్ సొసైటీకి అధ్యక్షురాలు. పెద్ద విద్వత్సంస్థకు అధ్యక్ష పదవి చాలునని రాసింది మీరే కదా? 1903లో మేరీ క్యూరీకి, 1963లో మరియా గోపెర్ట్ మేయర్‌కి దక్కిన భౌతికశాస్త్ర నోబెల్ మళ్లీ ఒక స్త్రీకి రావడానికి 55 ఏళ్లు పట్టింది. ఆ బహుమతి దాకా వస్తే తప్ప మీ గుమ్మం తెరుచుకోదంటే, మిగతా వేలమంది స్త్రీలు ఏ గుమ్మం ముందు నిలబడాలి?

రెండో ఫిర్యాదు: లోకం చేసిన అన్యాయాన్నే మీరు కొలబద్దగా పెట్టుకున్నారు.

భౌతిక శాస్త్రవేత్త బిభా చౌధురి గారిని తీసుకోండి. దేవేంద్ర మోహన్ బోస్ గారితో కలిసి కొండల మీద ఫొటోగ్రాఫిక్ ప్లేట్లు ఉంచి, విశ్వకిరణాల జాడలు పట్టి, మీసాన్లనే కణాల బరువు లెక్కగట్టే ప్రయత్నం చేశారు. ఆ ఫలితాలు 1940ల మొదట్లో నేచర్ పత్రికలో వచ్చాయి. యుద్ధకాలంలో మంచి రకం ప్లేట్లు దొరకక ఆ పని అక్కడితో ఆగింది. మెరుగైన ప్లేట్లతో అదే దారిలో నడిచిన సెసిల్ పావెల్‌కి 1950లో నోబెల్ వచ్చింది. బిభా గారు 1949లో టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరిన తొలి మహిళా పరిశోధకురాలు. అలాంటి మనిషిని మన పెద్ద సైన్సు అకాడమీల్లో ఏ ఒక్కటీ ఫెలోగా ఎన్నుకోలేదు. 1991లో కన్నుమూశారు. ఆమె గురించి పుస్తకం 2018లో వచ్చింది. 2019లో ఒక నక్షత్రానికి బిభా అని పేరు పెట్టారు. మీ లెక్కలో ఆమె బతికినంతకాలమూ ప్రాముఖ్యత లేని మనిషే.

దర్శన్ రంగనాథన్ గారు కర్బన రసాయన శాస్త్రంలో దిట్ట. ఐఐటీ కాన్పూరులో భర్త అధ్యాపకుడు. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగం ఇవ్వకూడదన్నది ఎక్కడా రాయని కట్టుబాటు. అందుకని ఆమె ఏళ్ల తరబడి ఫెలోషిప్పుల మీదే పరిశోధన సాగించారు. చివరికి మన హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు వచ్చి పనిచేశారు. 2001లో, సరిగ్గా అరవై నిండిన రోజున, పోయారు. మామూలు అధ్యాపక ఉద్యోగమే ఇవ్వని చోట ఆచార్య పీఠం ఉందా అని మీరు అడగడం న్యాయమేనా?

అన్నా మణి గారు రామన్ ప్రయోగశాలలో వజ్రాల మీద, కెంపుల మీద పరిశోధన చేసి సిద్ధాంత గ్రంథం సమర్పిస్తే, ఎమ్మెస్సీ లేదని మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇవ్వలేదు. ఆ తరవాత ఆమె వాతావరణ శాఖలో చేరి, దేశంలోనే పరికరాలు తయారయ్యేలా చేశారు. భారతదేశం మీద పడే సౌరశక్తి లెక్కలను గ్రంథాలుగా వెలువరించారు. ఆమె పేరు ముందు డాక్టర్ అని లేకపోవడం ఎవరి లోపం?

మూడో ఫిర్యాదు: బృందంలో పనిచేసినవాళ్లు మీ కంటికి ఆనరు.

అమెరికాలో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 22 మిల్లీగ్రాముల బెర్కీలియం తయారుచేసి రష్యాకు పంపింది. దానితోనే 117వ మూలకం పుట్టింది. ఆ బెర్కీలియాన్ని శుద్ధి చేసిన బృందంలో క్లారిస్ ఫెల్ప్స్ అనే నల్లజాతి రసాయన శాస్త్రవేత్త ఉన్నారు. లండన్ ఇంపీరియల్ కాలేజీ భౌతిక శాస్త్రవేత్త జెస్ వేడ్ గారు 2018లో ఆమెకు పేజీ రాశారు. 2019 ఫిబ్రవరిలో మీ పేరు చెప్పి దాన్ని తొలగించారు. అందరూ నిలదీశాక, దాదాపు ఏడాదికి, తిరిగి పెట్టారు. బెర్కీలియం లాంటి పదార్థాన్ని శుద్ధి చేసే చేతులు లేకుండా కొత్త మూలకం ఎలా వస్తుంది? పత్రికలు నాయకుడి పేరు రాసి ఊరుకుంటే, మీరూ ఊరుకుంటారు.

2022 దాకా మీ ఇంట్లోనే ఇంకో పద్ధతి నడిచింది. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఒక్క మ్యాచ్ ఆడితే చాలు, ఆటగాడికి ప్రాముఖ్యత ఉన్నట్టే అనుకునేవారు. స్కోరు కార్డులో పేరు ఉండడమే సాక్ష్యం. ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు గడిపిన ఆడమనిషి విషయంలో మాత్రం పరిశోధన పత్రంలో పేరుంటే సరిపోదన్నారు. ఈ తేడాకు మీరు ఇప్పటిదాకా సంజాయిషీ ఇవ్వలేదు.

ఇదంతా నా అనుమానమని కొట్టిపారేయడానికి వీల్లేదు. సామాజిక శాస్త్రవేత్త ఫ్రాన్సెస్కా ట్రిపోడీ 2021లో ప్రచురించిన పరిశోధన చూడండి. 2017 ఏప్రిల్ నాటికి ఇంగ్లీషు వికీపీడియా జీవిత చరిత్రల్లో స్త్రీలవి 17 శాతం. ఆ నెల తొలగింపుకు పెట్టిన జీవిత చరిత్రల్లో స్త్రీలవి 41 శాతం. మూస వేసే చెయ్యి ఎవరి పేజీ మీద ముందు పడుతోందో ఈ రెండు అంకెలే చెబుతున్నాయి.

నాలుగో ఫిర్యాదు: మీరు నమ్మదగినవని ఎత్తిపట్టుకున్న మూలాలను ఒక్కసారైనా చదివారా?

ఇవోన్ బ్రిల్ గారు ఉపగ్రహాలు కక్ష్యలో నిలిచి ఉండడానికి పనికొచ్చే చోదక యంత్రాన్ని కనిపెట్టిన రాకెట్ శాస్త్రవేత్త. 2013లో ఆమె పోయినప్పుడు న్యూయార్క్ టైమ్స్ సంతాప వ్యాసం ఆమె వంటతో మొదలైంది. భర్త ఉద్యోగం వెంట ఊళ్లు తిరగడం, పిల్లల కోసం ఎనిమిదేళ్లు ఇంట్లో ఉండడం ముందు చెప్పి, రాకెట్ల సంగతి ఆ తరవాత ఎత్తుకున్నారు. పాఠకులు మండిపడితే మొదటి వాక్యం మార్చారు. ఆ రోజుల్లోనే ఫింక్‌బైనర్ పరీక్ష పుట్టింది: శాస్త్రవేత్త గురించి రాసేటప్పుడు ఆమె ఆడమనిషి అన్న సంగతి, భర్త ఉద్యోగం, పిల్లల పెంపకం ఎత్తకుండా రాయగలగాలి. మన పత్రికలు ఆ పరీక్షకు కూర్చుంటే ఎన్ని గట్టెక్కుతాయి? ఇల్లు, పిల్లలు, ప్రయోగశాల అన్నీ ఎలా చక్కబెడుతున్నారన్న ప్రశ్న లేని ఇంటర్వ్యూ కోసం వెతికి వెతికి అలసిపోయాను. దొరికిన ఇంటర్వ్యూల్లో ఆమె కనిపెట్టిందేమిటో ఒక్క వాక్యం ఉండదు. అలాంటి ఇంటర్వ్యూ మీకు చెల్లుతుంది. ఆ వాక్యం ఉన్న పరిశోధన పత్రం చెల్లదు.

అయిదో ఫిర్యాదు మన ఇంటిది. దీన్ని కాస్త నిదానంగా చదవండి.

ఒక విశ్రాంత ఆచార్యురాలి ఇంటికి వెళ్లాను. వృక్షశాస్త్రం ఆవిడది. పేరూ ఊరూ రాయను. ట్యాగు దారం కట్టిన ఫైలొకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. పత్రికల్లో తన గురించి వచ్చినవన్నీ కత్తిరించి తెల్లకాగితాల మీద బంకతో అంటించారు. ఎంత శ్రద్ధగా కత్తిరించారంటే, వార్త చుట్టూ నూలుపోగంత అంచు కూడా లేదు. పత్రిక పేరు పోయింది, తేదీ పోయింది, పుట సంఖ్య పోయింది. ఒక ముక్క బంక వదిలి ఊడొస్తే వెనక్కి తిప్పి చూశాను. సగం తెగిన సినిమా ప్రకటన ఉంది. ఆ సినిమా ఎప్పుడు విడుదలైందో చూసుకుంటే వార్త ఏ ఏడాదిదో అందింది. కాని మీరు ఒప్పుకోరు, అది సొంత పరిశోధన కిందికి వస్తుందంటారు.

ఆ ఫైల్లోనే కాలేజీ స్వర్ణోత్సవ సంచిక ఉంది. గ్రూపు ఫొటో కింద మగవాళ్లందరికీ డిగ్రీలతో సహా పేర్లు వేశారు. ఆవిడను శ్రీమతి అని రాసి, భర్త ఇంటిపేరు తగిలించారు. సిద్ధాంత గ్రంథం మీద పుట్టింటి ఇంటిపేరు. పరిశోధన పత్రాల మీద పొడి అక్షరాలు. ఈ ముగ్గురూ ఒక్క మనిషేనని రుజువు చేయడానికి మీకు మళ్లీ ఒక మూలం కావాలి. ఆవిడ ఎదురుగా కూర్చుని కాఫీ ఇస్తున్నా ఆవిడ మాట మీకు సాక్ష్యం కాదు. ఆ పేజీ నిలవలేదు.

కాగితం మీద వచ్చినవాటి గతి ఇది. అంతర్జాలంలో వచ్చినవి అంతకన్నా ముందే పోతున్నాయి. జిల్లా ఎడిషన్‌లో ఒక శాస్త్రవేత్త గురించి అరపేజీ కథనం వస్తే, కొన్నాళ్లకు ఆ లింకు నొక్కితే ఏమీ రాదు. పాత వెబ్ పేజీలను దాచే వేబ్యాక్ మెషీన్‌లో భద్రం చేసి ఉంటే సరి. లేకపోతే మూలం చనిపోయిందని మళ్లీ మూస.

తెలుగు కుటుంబంలో పుట్టిన అయ్యలసోమయాజుల లలిత గారి గురించి కూడా మీకు చెప్పాలి. ఆమె 1919లో మద్రాసులో పుట్టారు. పద్దెనిమిదేళ్లకే భర్త పోయాడు, ఒళ్లో నెలల పిల్ల. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఆచార్యులు. పైవాళ్లను ఒప్పించి కూతుర్ని అక్కడే చేర్పించారు. ఆమె 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరై బయటికొచ్చారు. దేశంలో ఆ శాఖ చదివిన తొలి స్త్రీ అని ఆమెకు పేరు. పట్టా కాగితం మగవాళ్ల కోసమే అచ్చయి ఉంది. మగవాళ్లను ఉద్దేశించిన ఇంగ్లీషు మాటను కలంతో కొట్టేసి, పైన ఆడవాళ్ల మాట రాసి ఇచ్చారు. భాక్రా నంగల్ పథకం పనుల్లో పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్కులో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్లారు. 1979లో పోయారు. ఇవాళ ఆమె పేజీ గట్టిగా నిలబడి ఉందంటే, ఇంట్లోవాళ్లు కాగితాలు దాచి ఉంచారు, కూతురు అమ్మ కథ చెప్పింది, రాసేవాళ్లు వచ్చి రాశారు కాబట్టే. అలాంటి కూతురు లేని లలితలు ఎంతమందో మీ దగ్గర లెక్కుందా?

మేం చేతులు కట్టుకుని కూర్చోలేదన్న సంగతి మాత్రం మీరు గమనించాలి. ఎమిలీ టెంపుల్-వుడ్ అనే అమ్మాయి విద్యార్థినిగా ఉండగానే 2012లో మహిళా శాస్త్రవేత్తల పేజీల కోసం ప్రత్యేకంగా ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. తనను వేధిస్తూ వచ్చిన ప్రతి ఈమెయిలుకీ జవాబుగా ఒక శాస్త్రవేత్త పేజీ రాసింది. జెస్ వేడ్ గారు రెండు వేలకు పైగా పేజీలు రాశారు. స్త్రీల పేజీలు పెంచడానికి 2015లో 'విమెన్ ఇన్ రెడ్' అనే ప్రాజెక్టు మొదలైనప్పుడు ఇంగ్లీషు వికీపీడియా జీవిత చరిత్రల్లో స్త్రీలవి 15 శాతం. ఇప్పుడు అయిదో వంతు దాకా వచ్చాయి.

ఇది తెలుగువాళ్లకు కొత్త పని కూడా కాదు. భండారు అచ్చమాంబ గారు బడి మొహం చూడలేదు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. దేశంలోని గొప్ప స్త్రీల జీవితాలు ఒక్కొక్కటే సేకరించి, 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల మొదటి భాగం తెచ్చారు. చిన్న వయసులోనే పోయారు. ఆ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావు గారు. తరవాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నది ఆయనే. తెలుగులో విజ్ఞాన సర్వస్వం కన్నా ముందు స్త్రీల చరిత్ర వచ్చింది, అదీ ఒకే ఇంట్లోంచి. మీరు మా భాషలోకి వచ్చినప్పుడు ఈ సంగతి తెలుసుకుని రావాల్సింది.

ఇక నా విన్నపాలు.

మిమ్మల్ని రద్దు చేయమని అడగడం లేదు. మూస వేసే ముందు మూలాలు వెతకడం వేసేవాడి బాధ్యతేనని మీ పుస్తకంలోనే ఉంది. దాన్ని అమలు చేయించండి. వెతికేటప్పుడు పుట్టింటి పేరుతో, మెట్టినింటి పేరుతో, పొడి అక్షరాలతో, తెలుగు లిపిలో కూడా వెతికించండి. సంస్థల స్వర్ణోత్సవ సంచికలను, అకాడమీలు వేసిన సంతాప వ్యాసాలను ఊరికే తోసేయకుండా, అందులో ఏముందో చదివి తూచండి. మన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 2008లో దాదాపు వందమంది భారతీయ మహిళా శాస్త్రవేత్తల కథలతో 'లీలావతీస్ డాటర్స్' పుస్తకం వేసింది. అందులో ఉన్న మనిషి పేజీకి మూస వేసే ముందు ఆ పుస్తకం తెరిపించండి. లోకం ఎవరి గురించి రాయలేదో వాళ్లు ఏమీ చేయలేదని తీర్పు చెప్పడం ఇకనైనా మానండి.

ఈ లేఖ చదువుతున్న పాఠకులకు ఒక మాట. మా పేజీలు నిలబడాలంటే మీ చేతిలోనే పని ఉంది. మీకు పాఠం చెప్పిన రసాయనశాస్త్రం మేడమ్ గురించి, మీ ఊరి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో వరి వంగడం మీద పనిచేసిన ఆవిడ గురించి, మీ మేనత్త పనిచేసిన ప్రయోగశాల గురించి పత్రికలకు వ్యాసం రాయండి. ఆమె ఏం కనిపెట్టారో ముందు రాయండి. పత్రికలో వార్త వస్తే కత్తిరించకండి, పేరూ తేదీ కనపడేలా మొత్తం పుట దాచండి. కాలేజీ లైబ్రరీలో పాత సంచికలుంటే స్కాన్ చేయించండి. ఆమె బతికుండగానే ఇవన్నీ చేయండి.

పేజీ రాసే పని మాది. దానికి కావలసిన మూలం మీ దగ్గర ఉంది, దయచేసి అచ్చులోకి తీసుకురండి.

ఇట్లు,
మీ షరతులకు లోబడే రాస్తున్న
ఒక వాడుకరి